విశాఖకు ఏ తరహా వినోదాల పార్కు నప్పుతుంది: టివోలీనా, డిస్నీల్యాండా?

నేనైతే టివోలీ వైపే. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నడిబొడ్డున 1843లో తెరిచిన ఈ పార్కులో తోటలు, సంగీతం, తిండి, రైడ్లు అన్నీ కలిసే ఉంటాయి, 1914 నాటి చెక్క రోలర్ కోస్టర్‌లో ఇప్పటికీ ఒక మనిషి బండి మీదే కూర్చుని బ్రేకు వేస్తాడు. వాల్ట్ డిస్నీ కూడా దీన్ని చూసి వెళ్లినవాడే. కానీ 1955లో కాలిఫోర్నియాలో ఆయన తెరిచిన డిస్నీల్యాండ్ చుట్టూ మట్టికట్ట పోయించి, బయటి ఊరు కనబడకుండా చేశారు, లోపలంతా కథాలోకమే. అద్భుతం, కాదనను. అయినా విశాఖలో ఊరిని దాచడం దేనికండీ? కైలాసగిరి టాయ్ ట్రైన్ మలుపు తిరగ్గానే కింద సముద్రం కనబడితే పిల్లలంతా కిటికీల దగ్గరకు ఎగబడతారు, అంతకంటే మంచి సెట్టింగ్ ఎవరు వేయగలరు! పైగా రైడ్లు ఎక్కని పెద్దవాళ్లకూ సాయంత్రం చెట్ల కింద కూర్చుని మురీ మిక్చర్ తినే చోటు కావాలి.