ప్రైవేటా, సర్కారా: గడీ ఎక్కడ కట్టుకుంటున్నారో చూడండి

పోయిన ఏడాది మా బాపు, నేను ట్రాలీలో పత్తి వేసుకుని మార్కెట్‌కు పోయాం. ముందు సర్కారు కొనుగోలు కేంద్రం. మద్దతు ధర రావాలంటే తేమ 12 శాతం దాటొద్దు, అక్కడి మనిషి మిషన్ పెట్టి 14 చూపించాడు, ఎండబెట్టుకుని రండి అన్నాడు, మళ్లీ మావైపు చూడలేదు. బయట ప్రైవేటు వ్యాపారి గుప్పెడు పత్తి తీసి, గింజ కొరికి చూసి, మద్దతు ధర కన్నా క్వింటాలుకు వెయ్యికి పైగా తగ్గించి చెప్పాడు. ట్రాలీ కిరాయి పెరుగుతోంది, మబ్బు పడుతోంది, బాపు సరే అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

పెట్టుబడిదారీ మేలా, సోషలిజం మేలా అని ఎవరు వాదించినా నాకు ఆ రోజే గుర్తొస్తుంది. ఆస్తి ఎవరి పేరు మీద ఉందన్నదొక్కటే చూస్తే ఏం తేలదు. వద్దనుకుంటే పోవడానికి ఇంకో చోటుందా, పైన కూర్చున్నవాళ్లను దించే దారి ఉందా, నేను చూసేది అది.

ఆ రెండూ లేని చోటుకు మన దగ్గర పాత పేరే ఉంది, గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. భూమి దొరదే, అప్పిచ్చేది దొరే, తగువు తీర్చేది దొరే, పటేల్ పట్వారీ పనులు కూడా ఆ ఇంటి చేతిలోనే, ఇక వెట్టి చేయనని చెప్పి ఎవరి దగ్గరికి పోతారు? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దొర మనుషుల తూటాలకు బలైంది ఆ గడీ మీద తిరగబడినందుకే. అందుకే ఆ పోరాటం నడిపిన ఎర్రజెండాను ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకు కోపమొస్తుంది.

కానీ అదే జెండా పట్టుకున్న సోవియట్‌లో ఫ్యాక్టరీ, దుకాణం, పత్రిక, పోలీసు, కోర్టు అన్నీ ఒక్క పార్టీ చేతికే పోయాయి. 1962లో మాంసం, వెన్న ధరలు పెంచారు, అక్కడి నొవొచెర్కాస్క్ అనే పట్టణంలో అదే సమయంలో కార్మికుల కూలి కూడా తగ్గింది, వాళ్లు ఊరేగింపుగా వస్తే సైన్యం కాల్చింది. 26 మంది చనిపోయారు, తర్వాత ఇంకో ఏడుగురికి మరణశిక్ష వేశారు, ఆ సంగతి దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. జీతమిచ్చేదీ, ధర పెట్టేదీ, కాల్చేదీ ఒక్కరే. మా తాతలు చూసి ఉంటే దాన్నీ గడీ అనే అనేవాళ్లు.

పెట్టుబడిదారీలో పది మంది కొనేవాళ్లుంటే ఒకరు కాకపోతే ఇంకొకరు. నిజమే, ఆ పది మంది ఉన్నన్నాళ్లు. అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ ఒకప్పుడు చమురు శుద్ధిలో 90 శాతం దాకా పట్టుకుంది, 1911లో సుప్రీంకోర్టు చెబితే గానీ 34 ముక్కలు కాలేదు. డబ్బు ముదిరితే పార్టీల దాకా పోతుంది. మన ఎన్నికల బాండ్లనే చూడండి, 2024లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఎవరు ఎవరికి ఎంతిచ్చారో ఓటరుకు తెలియదు.

రెండింట్లో ఒకటే తీసుకోమంటే నేను పెట్టుబడిదారీ వైపే, అదీ కోర్టు, ఓటు, పత్రిక వేరే వేరే చేతుల్లో ఉంటేనే. మనసుకు నచ్చేది మాత్రం ముల్కనూరు పద్ధతి. 1956లో పెట్టిన సహకార బ్యాంకు, రైతులే సభ్యులు, అప్పూ ఎరువూ ఇచ్చి పంట కూడా కొంటుంది, ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు. కరీంనగర్, వరంగల్ పక్కపక్కన ఉన్న ఇన్ని మండలాల్లో అలాంటివి ఇంకా ఎన్ని రావాల్సింది, రాలేదే అని బాధ.

మా పత్తిని వెనక్కి పంపినా సరే, ఆ సర్కారు కేంద్రాన్ని మూసేయమని మాత్రం నేను అనను. అది తెరిచి ఉన్న రోజు బయట వ్యాపారి చెప్పే ధర కూడా కొంచెం పైకి లేస్తుంది, బాపు ఏళ్లుగా చూస్తున్నాడు. కేంద్రానికి సెలవున్న రోజు ఆయన ట్రాలీ మాట్లాడనివ్వడు.