జూపిటర్ ఏస్: క్రియ చివర పెట్టే కంప్యూటర్

1983లో పోస్టులో తెప్పించుకున్న జూపిటర్ ఏస్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పని చేస్తోంది కూడా. ఆ తరువాత ఇంట్లోకి ఎన్ని కంప్యూటర్లు వచ్చి వెళ్లాయో లెక్క లేదు. తెలుగు వాక్యం వరుసలో చెబితే మాట విన్నది మాత్రం ఇదొక్కటే. నా మమకారమంతా అక్కడే ఉంది కాబట్టి మిగతా సంగతులు తక్కువే రాస్తాను.

కొన్న కొత్తలో వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడు లెస్టర్‌లో ఆస్పత్రి ఉద్యోగం, సగం రోజులు రాత్రి డ్యూటీలు. మిగిల్చుకున్న దాంట్లోంచి దాదాపు 90 పౌన్లు దీనికి పోశాను. తోటి డాక్టరు స్పెక్ట్రమ్ అనే ఇంకో ఇంటి కంప్యూటర్ కొని రంగురంగుల ఆటలు ఆడుతుంటే నా టీవీలో నలుపూ తెలుపే. ఆ స్పెక్ట్రమ్ రూపకల్పనలో పనిచేసిన రిచర్డ్ ఆల్ట్‌వాసర్, స్టీవెన్ వికర్స్ బయటికి వచ్చి సొంతంగా చేసిన యంత్రం కదా అన్న ధైర్యంతో కొన్నాను. కంప్యూటర్‌కు ఆజ్ఞలు రాయడానికి అందరూ బేసిక్ అనే భాష పెడుతున్న రోజుల్లో వాళ్లు ఫోర్త్ అనే భాష పెట్టారు. ఆ మాట ప్రకటనలోనే ఉంది. దాని అర్థమే నాకు తెలియదు.

బేసిక్‌లో అయితే ముందు ‘ప్రింట్’ అని ఆజ్ఞ వేసి, తరువాత 2 + 3 అనాలి. ఏస్‌లో కొట్టాల్సింది ఇది:

2 3 + .

ముందు అంకెలు, ఆ తరువాత చేయాల్సిన పని, చివరి చుక్కకు అర్థం ‘చూపించు’ అని. అంకెలు కుండల దొంతిలా ఒకదానిమీద ఒకటి చేరుతాయి, పని చెప్పే మాట పైనున్న వాటిని తీసుకుని ఫలితాన్ని అక్కడే పెడుతుంది. నా ఇంగ్లిష్ స్నేహితులు దీన్ని తలకిందుల లెక్క అనేవారు. నాకు మాత్రం ఒక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ చూస్తే తట్టింది, ఇందులో తలకిందులు ఏముంది? రెండూ మూడూ కలిపి చూపించు. మా ఊళ్లో ఎవరైనా అలాగే అంటారు.

ఫోర్త్‌లో మనకు కావలసిన మాటలు మనమే పుట్టించుకోవచ్చు. ఆ పూటే ఇంగ్లిష్ అక్షరాల్లో ‘కలుపు’, ‘తీయి’, ‘హెచ్చు’, ‘పంచు’ తయారు చేశాను. ‘హెచ్చవేయి’ అని పూర్తిగా పెట్టాలనే ఉండేది. కానీ పేరులో ప్రతి అక్షరానికీ మెమరీలో ఒక బైటు ఖర్చు, అదనపు మెమరీ కొనకముందు మన వాడకానికి మిగిలేది ఒక కిలోబైటు లోపే, అంటే వెయ్యి అక్షరాలు పట్టేంత చోటు. అందుకే హెచ్చవేయి కాస్తా హెచ్చు అయింది. చుక్క పెడితే దొంతి మీది అంకె పోతుంది కాబట్టి, అంకెను ఉంచుతూనే తెర మీద వేసే ‘చూపు’ అనే మాట కూడా ఒకటి కట్టాను. షరతులూ అంతే. ‘ఇఫ్’ అనే మాట షరతు తరువాత వస్తుంది, మన ‘అయితే’ లాగా. దానికి ‘అయితే’ అని మారుపేరు పెట్టాలని చాలా తంటాలు పడ్డాను. నా చేతకాలేదు.

1984 వేసవిలో అమ్మ తెనాలి నుంచి వచ్చి రెండు నెలలు ఉంది. ఇంగ్లిష్ అక్షరం రాదు, నోటి లెక్కలో మాత్రం ఆమెను మించిన వాళ్లను నేను చూడలేదు. ఈ పెట్టె ఏమి చేస్తుందని అడిగితే, లెక్కలు చెప్పమ్మా, నువ్వు చెప్పిన వరుసలోనే కొడతాను అన్నాను. గడిచిన సార్వా పంట లెక్క ఎత్తుకుంది.

“మూడు వందల యాభై బస్తాలు. వంద చొప్పున హెచ్చవేయి.”

350 100 హెచ్చు చూపు అని కొట్టాను. తెర మీద -30536 అని వచ్చింది.

ఆ అడ్డగీత ఏమిటని అడిగింది. సున్నాకు కింద ఉన్నట్టు అని చెప్పాను.

“అంటే అప్పా? పంట అమ్ముకుంటే ముప్పై వేలు అప్పు తేల్చిందా నీ పెట్టె?”

నాకు తల కొట్టేసినట్టయింది. సంగతి వెంటనే అర్థమయింది. ఏస్ మామూలు అంకెను 16 బిట్లలో, అంటే సున్నానో ఒకటో పట్టే పదహారు గళ్లలో పెడుతుంది, 32,767 దాటితే చోటు లేక అటునుంచి -32,768 దగ్గర మళ్లీ మొదలుపెడుతుంది. 35,000 అలా మైనస్‌లో పడింది. ఆ మాటే అమ్మకు చెప్పబోతుంటే ఆమె వినిపించుకోలేదు. తన లెక్క ఇంకా పూర్తి కాలేదు.

“సరే, కూలీలకు ఆరు వేలు తీసివేయి.”

అప్పులోంచి ఇంకా తీయడమా అనుకుంటూనే 6000 తీయి చూపు అని కొట్టాను. 29000 అని వచ్చింది. సరైన జవాబు!

అమ్మ తల ఊపి, “మధ్యలో తడబడినా చివరికి సరిగానే చెప్పింది” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. మొత్తం 65,536 అంకెలు ఒక వలయంలా ఉన్నాయి. ముందుకు నడుస్తూ హద్దు దాటి మైనస్‌లో పడ్డ లెక్క, ఆరు వేలు వెనక్కి నడిచేసరికి మళ్లీ హద్దు ఇవతలికి వచ్చింది. గడియారం ముల్లు పన్నెండు దాటి, వెనక్కి తిప్పితే మళ్లీ పదకొండుకు రావడం లాంటిదే. పుస్తకంలో చదివితే ఇది నాకు అంతగా పట్టేది కాదేమో. ఈ అంకెనే మైనస్ లేకుండా 35000 అని చూపించే మాట కూడా ఏస్‌లో ముందే ఉందని తరువాత తెలిసింది. ‘చూపు’లో దాన్ని పెట్టి ఉంటే ఆ రోజు ఆ ముచ్చటే జరిగేది కాదు.

అయితే తెలుగు వరుస అని ఇంత మురిసిపోయానా, అదే పూట ఒక లోపం కూడా బయటపడింది. అమ్మ తరువాతి లెక్కను “ఎరువులకు నాలుగు వేలు, మిగిలిన దాంట్లోంచి తీసివేయి” అంది, ఇబ్బంది లేదు. కాసేపటికి “రెండు వేలు పోవాలి, ఇరవై ఐదు వేలలోంచి” అంది. అదే వరుసలో కొడితే రెండు వేలలోంచి ఇరవై ఐదు వేలు పోయి మైనస్ వచ్చింది. మనకు ‘లోంచి’ ఉంది కాబట్టి ఏ మాట ముందు అన్నా అర్థం చెడదు. ఫోర్త్‌కు విభక్తులు లేవు, దానికి వరుసే విభక్తి. అంకెలను తారుమారు చేసే ‘స్వాప్’ అనే మాటతో అతుకు వేసుకోవాలి. కాబట్టి క్రియ వరకే ఇది తెలుగు. మిగతాది కాదు.

పెద్ద అంకెలకు, భిన్నాలకు వేరే మార్గం ఉంది. అంకెలోనే దశాంశ చుక్క పెడితే దాన్ని వేరే రకంగా దాచుకుంటుంది, 35 వేలైనా 35 లక్షలైనా పడుతుంది. కానీ వాటిని కలపడానికీ తీయడానికీ మాటలు మళ్లీ వేరు. పైసలకూ లక్షలకూ మనకు కలుపు ఒక్కటే, ఏస్‌కు రెండు కావాలి. ఇది ఇప్పటికీ నాకు చిరాకే.

ఇక ఒళ్లంతా పలచని తెల్ల ప్లాస్టిక్ డొప్ప, రబ్బరు మీటలు. నెమ్మదిగా కొట్టేవాడిని కాబట్టి నాకు సరిపోయింది. వేగంగా టైపు చేసేవారికి నచ్చకపోవచ్చు. ఆటలు బహు తక్కువ. కొన్న ఏడాదిలోనే కంపెనీ మూతబడింది. ఆ తరువాత నాకు నేనే దిక్కు. క్యాసెట్ టేపులో దాచుకున్న పాత మాటలు ఇప్పటికీ ఎక్కుతున్నాయి, రెండుసార్లకు ఒకసారి. ఫలానా మాట ఎలా కట్టానో మరిచిపోతే ‘లిస్ట్’ అని అడిగితే చాలు, నిర్వచనాన్ని తిరగరాసి చూపిస్తుంది.

కొనమంటారా అని అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. పిల్లల చేత ఆటలు ఆడించాల్సిన ఇల్లయితే ఆనాడే ఇది తప్పు ఎంపిక. మాకు అప్పటికి పిల్లలు లేరు, నాకు రాత్రిళ్లు మెలకువగా ఉండే అలవాటు ఉంది, చూసి నవ్వడానికి అమ్మ వచ్చింది. ఆ మూడూ లేకపోతే వారంలోనే అటక ఎక్కించి ఉండేవాడినేమో. ఇప్పుడు పాత సామాను అమ్మేవారు చెప్పే ధరకు నేనైతే కొనను. ఇప్పటి కంప్యూటర్‌లో ఏస్‌లా నడిచే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంది, ఒక సాయంత్రం అందులో ‘కలుపు’ కట్టి చూడండి. పంట లెక్క వేసేటట్టయితే మాత్రం అంకెలో చుక్క మరవకండి.