చెకోవ్ తొలి కథలు: తుమ్ము, కుక్కపిల్ల, రైలు పట్టా నట్టు

అట్ట మీద ‘చెకోవ్ కథలు’ అని ఉన్నంత మాత్రాన కొనేయకండి. లోపల ఏ చెకోవ్ ఉన్నాడో ముందు చూసుకోవాలి. రష్యాలో 1880ల మొదట్లో ఒక పక్క డాక్టరు చదువు చదువుతూ, ఇంకో పక్క అంతోషా చెహొంతె అనే కలం పేరుతో హాస్య పత్రికలకు కథలు రాసి పడేసిన కుర్రాడు ఒకడు. 1892లో ‘ఆరో నంబరు వార్డు’ రాసి చదివినవాడికి నిద్ర లేకుండా చేసిన పెద్దాయన ఇంకొకడు. మనిషి ఒక్కడే. కానీ నవ్వుకుందామని ఇంటికి తెచ్చుకున్న పుస్తకంలో మొదటి కథే పిచ్చాసుపత్రిదైతే, అది మర్నాడే అలమారలోకి పోతుంది. తప్పు పుస్తకానిది కాదు, కొనేటప్పుడు తిరగేయకపోవడానిది. ఈ సమీక్ష ఆ కుర్రాడి గురించి.

విషయసూచికలో వెతకాల్సినవి ‘గుమాస్తా మరణం’, ‘లావువాడూ సన్నవాడూ’ (రెండూ 1883), ‘ఊసరవెల్లి’, ‘శస్త్రచికిత్స’ (1884), ‘నేరస్థుడు’, ‘గుర్రపు పేరు’, ‘ఆశ్చర్యార్థకం’ (1885). అనువాదకుణ్ణి బట్టి పేర్లు కాస్త అటూ ఇటూ అవుతాయి. ఈ ఏడింటిలో నాలుగు ఉన్నా పుస్తకం తీసుకోవచ్చు. మాస్కోలో ప్రోగ్రెస్ వాళ్లూ, 1982లో దాని నుంచి విడివడ్డ రాదుగ వాళ్లూ తెలుగులో అచ్చేసి పంపిన రష్యన్ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి. 1991లో సోవియట్ దేశంతో పాటే ఆ రాక ఆగిపోయింది. ఇప్పుడవి పాత పుస్తకాల గుట్టల్లోనే. రచయిత పేరు ఒకచోట చెకోవ్, ఇంకోచోట చెహోవ్ అని ఉంటుంది కాబట్టి గ్రంథాలయం జాబితాలో రెండు రకాలుగానూ వెతకండి. పాత ప్రతి అయితే చివరి పేజీలు ఉన్నాయో లేదో తప్పకుండా చూడాలి. ఈ కథలకు పట్టంతా ఆఖరి వాక్యంలోనే. అది ఊడిపోయిన ప్రతి ఉచితంగా ఇచ్చినా దండగే.

కథలన్నీ పొట్టివి. పీటర్స్‌బర్గ్‌లో లైకిన్ నడిపిన ‘అస్కోల్కి’ వారపత్రికలో ఒక్కో కథకు నూరు పంక్తులకు మించి చోటు దొరికేది కాదు. ఆ కొలత వల్లే ఉపోద్ఘాతం ఉండదు, వాతావరణ వర్ణన ఒక్క వాక్యంతో సరి. నెల్లూరులో ప్యాసింజరు ఎక్కి పుస్తకం తెరిస్తే బిట్రగుంట వచ్చేలోపు మూడు కథలు అయిపోతాయి. అక్కడ మూసేయండి. వరసగా ఏడెనిమిది చదివితే కీలు తెలిసిపోతుంది. ఎవడో పెద్ద అధికారి, ఎవడో చిన్న ఉద్యోగి, మధ్యలో ఒక భయం. ఆరో కథకి వచ్చేసరికి ముగింపు ముందే పసిగట్టేస్తాం.

చదివే ముందు ఒక్క సంగతి తెలిసి ఉండాలి. 1722లో పీటర్ చక్రవర్తి సర్కారు కొలువును 14 మెట్లుగా కట్టాడు. అంకె తగ్గేకొద్దీ హోదా పెరుగుతుంది. ‘కాలేజియేట్ అసెసర్’ అంటే 8వ మెట్టు, ‘ప్రీవీ కౌన్సిలర్’ అంటే 3వ మెట్టు. తహసీల్దారుకీ సెక్రటేరియట్‌లో కార్యదర్శికీ మధ్య ఉన్నంత ఎడం అనుకుంటే పని జరిగిపోతుంది. ఏ మెట్టువాణ్ణి ఏమని పిలవాలో కూడా ఆ మెట్టును బట్టే. ఈ పట్టిక గురించి అనువాదంలో అడుగున ఒక్క ముక్కైనా రాయకపోతే మొదటిసారి చదివేవాళ్లకు ‘లావువాడూ సన్నవాడూ’ మామూలు మర్యాదల కథలా కనిపించి జారిపోతుంది.

ఈ సంపుటాల్లో ఒకే ఒక్క కథ చదవాలంటే అదే చదవాలి. రైల్వే స్టేషన్లో ఇద్దరు చిన్ననాటి స్నేహితులు ఎదురుపడతారు. లావాయన దగ్గర మంచి మద్యం వాసన, సన్నాయన దగ్గర పంది మాంసం, కాఫీ పిప్పి వాసన. చేతుల నిండా మూటలు, వెనక భార్య, మూడో తరగతి చదివే కొడుకు. సన్నాయన ఆగకుండా మాట్లాడతాడు. బళ్లో తనకూ వాడికీ ఉన్న వెక్కిరింపు పేర్లు, తాను చెక్కతో సిగరెట్ పెట్టెలు చేసి ఒక్కోటీ ఒక రూబుల్‌కి అమ్మడం, పది, ఆ పైన కొంటే తగ్గించి ఇవ్వడం. అంతలో లావాయన తాను ప్రీవీ కౌన్సిలర్‌నయ్యానని మామూలుగానే చెప్తాడు. సన్నాయన పాలిపోతాడు. అతనొక్కడే కాదు, చేతిలో మూటలు కూడా ముడుచుకుపోతాయి, భార్య పొడుగాటి గడ్డం ఇంకా పొడుగవుతుంది, పిల్లాడు నిటారుగా నిలబడి బడి యూనిఫాం గుండీలన్నీ పెట్టేసుకుంటాడు. అప్పటికే పరిచయం చేసిన భార్యనూ కొడుకునూ మళ్లీ మొదట్నుంచీ పరిచయం చేస్తాడు, ఈసారి వంగి వంగి. లావాయన చెయ్యి చాపితే అందులో మూడు వేళ్లే పట్టుకుంటాడు.

ఆ మూడు వేళ్ల దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకు భయపడ్డాడు? 1883లో పత్రికలో వచ్చినప్పుడు లావాయన సాక్షాత్తూ సన్నాయనకు కొత్త పైఅధికారి. ఆ భయానికి కారణం ఉంది. 1886లో సంపుటిలో చేర్చేటప్పుడు చెకోవ్ ఆ సంబంధం పీకేశాడు. ఇప్పుడు లావాయన వల్ల వచ్చే లాభమూ లేదు, నష్టమూ లేదు. వాడే ‘మనం స్నేహితులం, ఈ మర్యాదలేంటి’ అని విసుక్కుంటున్నాడు. అయినా ఇతను వంగాడు. కథ పెరిగింది ఈ ఒక్క కత్తిరింపుతోనే. వ్యంగ్యం రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే చవకైన పాఠం దొరకదు.

అనువాదం మంచిదో కాదో తేల్చేదీ ఈ కథే. రష్యన్‌లో సన్నాయన మొదట నువ్వు అనే మాట్లాడతాడు, హోదా తెలిశాక ‘మహాప్రభో’ లాంటి పిలుపులోకి దిగిపోతాడు. తెలుగుకు ఇది వరం. మనకు నువ్వు, మీరు, తమరు అనే మూడు మెట్లున్నాయి. అనువాదకుడు మొదట్నుంచీ మీరు వాడేసి, చివర్లో ‘యువర్ ఎక్సలెన్సీ’ అని తగిలించి ఉంటే పుస్తకం అక్కడే పెట్టేయండి. నెల్లూరు మాటలో అయితే ‘ఒరే మీషా, నువ్వంట్రా! యాడ్నుంచి ఊడిపడినావురా!’ అని మొదలై, రెండో పేజీలో ‘తమరి దయ అయ్యగారూ’ దాకా జారాలి. ఇంకో పరీక్ష కూడా ఉంది. కలుసుకోగానే ‘ఇద్దరూ ఆనందంతో తబ్బిబ్బయ్యారు’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంటుంది. కథ చివర అదే వాక్యం ‘ముగ్గురూ’ అని మళ్లీ వస్తుంది. ముగ్గురంటే సన్నాయన, భార్య, కొడుకు. లావాయన లెక్కలోంచి పోయాడు. రెండుచోట్లా ఒకే మాటలు వాడకుండా ‘సంతోషించారు’, ‘పరవశించారు’ అని మార్చేస్తే దెబ్బ తగలదు. ఒకే మాట రెండుసార్లు రాకూడదని బళ్లో నేర్పిన నియమం ఇలాంటి చోట పనికిరాదు.

‘గుమాస్తా మరణం’ అందరికీ తెలిసిన కథే. నెల్లూరు టౌన్‌హాల్లో నాటకం చూస్తూ రెండో వరసలో ఒక గుమాస్తా తుమ్మాడనుకోండి, ఆ తుంపర మొదటి వరసలో పెద్ద అధికారి బట్టతల మీద పడిందనుకోండి. ఆయన తుడుచుకుని ఊరుకున్నాడు. గుమాస్తా ఊరుకోలేదు. అక్కడికక్కడే రెండుసార్లు క్షమాపణ, విరామంలో ఒకసారి, మర్నాడు ఆయన అర్జీలు తీసుకునే గదిలో రెండుసార్లు, ఆ మర్నాడు మళ్లీ. ఆఖరికి ఆయన ‘పో బయటికి’ అని కాలు నేలకేసి కొడతాడు. ఇతను ఇంటికొచ్చి, కొలువు కోటు కూడా విప్పకుండా సోఫాలో పడుకుని పోతాడు. మూలంలో ఆ చావుకు ఒక్క మామూలు మాటే ఉంది. ‘గుండె ఆగి మరణించెను’, ‘తుది శ్వాస విడిచాడు’ అని రాసిన అనువాదాలు జోకుకి దండేసి దీపం పెట్టినట్టుంటాయి. నలుగురిలో పైకి చదివేవాళ్లు చేసే తప్పు కూడా ఇక్కడే. చివరి మాటకి ముందు గొంతు పెంచుతారు. పెంచొద్దు, సంతలో కూరగాయల ధర చెప్పినట్టు చదివేసి ఆపండి.

‘ఊసరవెల్లి’లో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. బజార్లో ఒకడి వేలు కుక్కపిల్ల కరిచింది. పోలీసు అధికారి ముందు కుక్క యజమానికి జరిమానా అంటాడు. జనరల్‌గారి కుక్క అనగానే తప్పు కరిపించుకున్నవాడిది. కాదంటే కుక్కది. మళ్లీ ఆయనదే అంటే వాడిది. వంటవాడొచ్చి మాది కాదంటే చంపేయాలి. జనరల్ తమ్ముడిదని తేలాక, ఎంత ముద్దుగా ఉందో. ఐదుసార్లు తిరుగుతాడు. మధ్యలో ఒకసారి ఉక్కపోసి కోటు విప్పించుకుంటాడు, ఇంకోసారి చలేసి తొడిగించుకుంటాడు. అంతకుమించి వివరించను, ఐదు నిమిషాల కథ.

అసలు మన తీరం వాళ్లకు బాగా పట్టేది ‘నేరస్థుడు’. రైలు పట్టాల నట్టు విప్పుతూ దొరికిన దెనీస్ అనే పల్లెటూరివాణ్ణి దర్యాప్తు అధికారి ముందు నిలబెడతారు. నట్టు ఎందుకు? గాలానికి బరువు. సీసం అయితే కొనాలి, మేకు సరిపోదు, నట్టుకి బరువూ ఉంది, తాడు కట్టడానికి బెజ్జమూ ఉంది. జువ్వలదిన్నె రేవులోనో కొత్తపట్నంలోనో వల అడుక్కి బరువులు కట్టే చేతికి ఈ జవాబులో తప్పేమీ కనిపించదు, అంత పక్కాగా ఉంటుంది. రైలు పడిపోతుందని తెలియదా అంటే, అన్నీ విప్పం, కొన్ని వదిలేస్తాం, అంత తెలియనివాళ్లమా అంటాడు. అధికారి చట్టంలో 1081వ నిబంధన చదువుతాడు. అందులో అసలు ప్రశ్న తెలిసి చేశాడా అన్నది. దెనీస్ ఏ చేప ఏ లోతులో దొరుకుతుందో చెప్తూ పోతాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఒకరి మాట ఒకరికి చేరదు.

చాలామంది ఈ కథను ‘అమాయకపు రైతు’ కథగా చదివి వదిలేస్తారు. మధ్యలో ఒక వాక్యం ఉంది, కళ్లు దానిమీద నుంచి జారిపోతాయి. ఊళ్లో వలలు చేసేవాడు ఒకడున్నాడు, ఒక్కో వలకి పదేసి నట్లు పడతాయి, ఆ వలలు వాడు దొరలకే అమ్ముతాడు. రైల్లో తిరిగేది ఎవరు, నట్లు కట్టిన వల కొనేది ఎవరు? చెకోవ్ ఆ ప్రశ్న అడగడు. అక్కడ పెట్టి ముందుకు పోతాడు. ఈ వాక్యం ఎగరగొట్టిన సంక్షిప్త అనువాదాలు పిల్లల పుస్తకాల్లో కనిపిస్తే జాగ్రత్త.

ఇక తెలుగులోకి రానివి కూడా చెప్పాలి. పాత్రల పేర్లన్నీ వెటకారాలే. గుమాస్తా పేరు చెర్వ్యకోవ్‌లో పురుగు ఉంది, వేలు కరిపించుకున్న హ్ర్యూకిన్‌లో పంది అరుపు ఉంది. మన చెవికి అవి వట్టి నోరు తిరగని చప్పుళ్లు. ‘గుర్రపు పేరు’ కథయితే పూర్తిగా దీని మీదే నిలబడింది. పంటినొప్పితో గిలగిల్లాడుతున్న జనరల్‌కు, దూరం నుంచే టెలిగ్రాఫ్ మీద మంత్రం వేసి నొప్పి తగ్గించే మనిషి ఒకడున్నాడని గుమస్తా చెప్తాడు. ఇంటిపేరు మాత్రం గుర్తురాదు, గుర్రానికి సంబంధించిందని తప్ప. ఇల్లంతా గుర్రం, గుర్రప్పిల్ల, జీను అంటూ పేర్లు అల్లుతారు. చివరికి ఎవరో ఓట్స్ (అక్కడ గుర్రాలకు పెట్టే గింజలు) కొనాలని అడిగితే పేరు తడుతుంది, ఒవ్సోవ్, అంటే ఓట్స్‌వాడు. అప్పటికే డాక్టరు పన్ను పీకేశాడు. అనువాదకుడు ఓట్స్‌నే ఉంచి కింద వివరణ రాస్తే నవ్వు చస్తుంది. గుర్రానికి మనం పెట్టేది ఉలవలు కదా. ఉలవపాడు స్టేషన్ బోర్డు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ ఇంటిపేరు ‘ఉలవల’ అని మార్చి చదువుకుంటే కథ మళ్లీ లేచి నిలబడుతుంది. ఇది మూలానికి ద్రోహమని కొందరంటారు, అననీండి.

కాలం చెల్లిన చోట్లూ ఉన్నాయి. సన్నాయన భార్య జర్మన్ పేరు, మతం మీద జోకు ఇప్పుడు పేలదు. అతని నవ్వుని చైనావాళ్లతో పోల్చిన మాట చదువుతుంటే ఇబ్బందే. ఆడవాళ్లు ఈ తొలి కథల్లో ఎక్కువగా పక్కన నిలబడి ఉంటారు. పన్ను పీకే గొడవతో సాగే ‘శస్త్రచికిత్స’ మొదటిసారి నవ్విస్తుంది, రెండోసారి వట్టి కేకలు వినిపిస్తాయి.

‘ఆశ్చర్యార్థకం’ మాత్రం గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్లు రాసేవాళ్ల కోసం అట్టేపెట్టండి. 40 ఏళ్లు కాగితాలు రాసిన పెరెక్లాదిన్‌కి తానొక్క ఆశ్చర్యార్థకం కూడా వాడలేదని ఒక రాత్రి తడుతుంది. అది సంతోషానికీ కోపానికీ ఆవేశానికీ పెడతారని భార్య చెప్తుంది. ఆఫీసు కాగితంలో వాటికి చోటెక్కడ? తెల్లారి పైఅధికారి ఇంటికెళ్లి వచ్చినవాళ్ల పుస్తకంలో సంతకం చేసి, పక్కన మూడు పెడతాడు. కొనేముందు ఆ పేజీ తీసి చూడండి, అచ్చులో మూడూ ఉన్నాయో లేదో.