జి మెన్ (1935): గ్యాంగ్‌స్టర్ హీరోకు సర్కారు బ్యాడ్జి

‘జి మెన్’ అంటే సర్కారు ఏజెంట్లు, వాళ్ల మీద తీసిన అమెరికా నేర సినిమా ఇది. మొదట్లనే ఒక ఆఫీసరు కొత్తగ చేరినోళ్లను కూసోబెట్టి పాత సినిమా వేసి చూపెడ్తున్నట్టు సీను వస్తే కంగారు పడకుండ్రి. అది 1949ల మళ్ల రిలీజ్ చేసినప్పుడు అతికించిన ముక్క. దాన్ని దాటేసి టైటిల్స్ కాడికెళ్లి మొదలువెట్టుండ్రి, మజా అక్కడే ఉంది.

వార్నర్ బ్రదర్స్‌కు 1931ల జేమ్స్ కాగ్నీ గ్యాంగ్‌స్టర్‌గనే స్టార్ అయిండు. 1934 నడుమల సెన్సార్ నియమాలు బిగిసినంక నేరగాన్ని హీరోను చేసుడు కష్టమైంది. స్టూడియో ఉపాయం ఏందంటే అదే నటుడు, అదే దూకుడు, జేబుల మాత్రం బ్యాడ్జి. ఈ సినిమాల కాగ్నీ బ్రిక్ డేవిస్ అనే వకీలు. చదివించింది ఒక ముఠా పెద్దమనిషి. సర్కారు నేర పరిశోధన బ్యూరోల (తర్వాత ఎఫ్‌బీఐ అయింది) ఏజెంటైన దోస్తును ముఠావాళ్లు చంపితే తనూ ఆ బ్యూరోల చేరుతడు. డైరెక్టర్ విలియం కీలీ, నిడివి 85 నిమిషాలు.

బలమంతా పని చూపెట్టిన తీరుల ఉంది. వేలిముద్రలు, ట్రెయినింగు, తూటాల పరీక్ష. అన్నిటికన్న గార్డెనియా పువ్వు ముచ్చట బాగుంటది: ఒక దొంగకు ఎప్పుడూ కోటుకు ఆ పువ్వు పెట్టుకునే మూఢనమ్మకం. బ్రిక్ వాణ్ని పట్టిచ్చేది ల్యాబుతోని కాదు, పాత సావాసంతోని.

రైల్వే స్టేషన్ కాల్పుల సీను 1933 జూన్ 17న కాన్సస్ సిటీల జరిగిన దానికి నకలు. అప్పటి ఏజెంట్లకు అరెస్టు చేసే అధికారం లేకుండె, లోకల్ పోలీసును వెంటేసుకొని పోవాలె. ఆ అధికారం, తుపాకి పట్టే హక్కు 1934 చట్టంతోని వచ్చినై. ఇది తెలిసి చూస్తే ఆ ఖాళీ చేతులు కలుక్కుమంటయి.

అడవిల లాడ్జి మీద దాడి సీనుల మాత్రం సినిమా గడుసుగ చేసింది. 1934 ఏప్రిల్‌ల విస్కాన్సిన్‌ల నిజంగ జరిగినప్పుడు పేరుమోసిన బ్యాంకు దొంగ డిలింజర్ ముఠా వెనకనుంచి జారుకున్నది, ఏజెంట్ల తూటాలకు ఏ పాపం తెల్వని మనిషి పోయిండు. సినిమాల ముఠా దాదాపు ఖతం. ఓడిపోయిన లెక్కను గెలుపు ఖాతాల రాసిండ్రన్నమాట. అయినా ఆ చీకట్ల టామీ గన్ (చేతుల పట్టుకునే మిషన్ గన్) మెరుపులు ఇప్పటికీ దడ పుట్టిస్తయి.

ప్రేమ కథ చప్పగ ఉంది. ఆన్ డ్వోరాక్ పాత్ర ఒక్కటే ప్రాణం పోసుకున్నది, ఆమెను తొందరగ పంపేసిండ్రు.

ఇగ చూసే తీరు. బొమ్మ దాదాపు చదరం, టీవీల పిక్చర్ సైజు ఒరిజినల్‌గనే ఉంచుండ్రి, పక్కలకు నల్ల పట్టీలు వస్తే రానీయుండ్రి. జూమ్ పెడ్తే తలకాయలు తెగుతయి. కదలికను నున్నగ చేసే టీవీ సెట్టింగు మోషన్ స్మూతింగ్ బంద్ చేయుండ్రి, లేకపోతే సీరియల్ లెక్క జారుతది. షార్ప్‌నెస్ పెంచితే పాత ఫిల్మ్ గింజలే కనవడ్తయి. సౌండు మోనో, అంటే ఒకే ఛానల్, హోమ్ థియేటర్‌ల సరౌండ్ వేస్తే మాట గుహలకెళ్లి వచ్చినట్టుంటది. కాగ్నీ మాట మిషన్ గన్ తీరు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోవాల్సిందే. మన ఎండాకాలం పగటి పూటైతే పరదాలు వేసినా నలుపులు బూడిద రంగైతయి, పొద్దుగూకినంక చూడుండ్రి.