సోనీ ఎన్‌ఎక్స్100తో వార్తల చిత్రీకరణ: కొన్నేళ్లు వాడిన తర్వాత

హన్మకొండలో ఉంటూ కేబుల్ ఛానెల్‌కు రోజువారీ వార్తలు, జాతరలూ పండుగలూ వచ్చినప్పుడు శాటిలైట్ ఛానెళ్లకు విజువల్స్ పంపే పనిలో సోనీ హెచ్‌ఎక్స్‌ఆర్-ఎన్‌ఎక్స్100 క్యామ్‌కార్డర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. తీసేదీ నేనే, ఎడిట్ చేసేదీ నేనే. అందువల్ల కెమెరా స్క్రీన్‌లో బొమ్మ ఎంత అందంగా ఉందన్నది కాక, ఆ ఫుటేజీ టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో షాట్లను వరుసగా పేర్చే పట్టీ) మీదికి వచ్చాక మరమ్మతులేవీ లేకుండా ఎంత త్వరగా కట్ అయిందన్నదే నా కొలమానం. ఆ లెక్కన చూస్తే 2015 నాటి ఈ కెమెరా, తర్వాత వచ్చిన, లెన్సు మార్చుకునే ఎన్నో మిర్రర్‌లెస్ కెమెరాల కంటే వార్తల పనికి ఇప్పటికీ మేలని నా అభిప్రాయం.

దీనిలో ఒక అంగుళం తరగతి సెన్సర్, 29 మిల్లీమీటర్ల వైడ్‌తో మొదలై పన్నెండు రెట్లు దగ్గరికి వెళ్లే ఆప్టికల్ జూమ్ ఉన్నాయి. బహిరంగ సభలో మీడియా గ్యాలరీ దాటి ముందుకు వెళ్లనివ్వనప్పుడు, నిలబడ్డ చోటు నుంచే జనం మొత్తాన్నీ, వేదిక మీద మాట్లాడుతున్న మనిషి ముఖాన్నీ తీయగలగడమే దీని అసలు బలం. అయితే జూమ్ ఉన్నది ఫ్రేము మార్చుకోవడానికే తప్ప, రికార్డింగ్ నడుస్తుండగా ముందుకూ వెనక్కూ ఊపడానికి కాదు. వైడ్ పెట్టి పది సెకన్లు కదలకుండా ఉంచాలి, ఆపి మిడ్‌కు వెళ్లి మళ్లీ పది సెకన్లు, ఆ తర్వాత క్లోజ్. ప్యాన్ చేయక తప్పకపోతే మొదట్లోనూ చివరా కెమెరా కాసేపు నిలకడగా ఉండాలి, లేకపోతే ఎడిటర్‌కు కట్ చేసే చోటే దొరకదు. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు ఇంత చిన్న విషయం ఎందుకు కష్టంగా ఉంటుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

లెన్సుకు ఒక పరిమితి ఉంది. వైడ్‌లో ఎఫ్2.8గా ఉండే అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) జూమ్ చివరికి వెళ్లేసరికి ఎఫ్4.5కు తగ్గుతుంది, అంటే అక్కడ సెన్సర్‌కు అందే వెలుతురు దాదాపు నలభై శాతమే. మేడారంలో రాత్రిపూట గద్దెల వైపు దూరం నుంచి జూమ్ చేస్తే గెయిన్ (సెన్సర్ సిగ్నల్ బలం) పెంచక తప్పదు, పెంచితే చీకటి భాగాల్లో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) కనిపిస్తుంది. అలాంటి చోట వీలైనంత దగ్గరికి నడిచి వెళ్లి వైడ్‌లోనే తీయడం మంచిది. దానికి బదులుగా లెన్సు మార్చే పని లేకపోవడం అదే మేడారంలో పెద్ద వరం, ఎందుకంటే జంపన్న వాగు దారిలో లేచే దుమ్ములో మిర్రర్‌లెస్ కెమెరా లెన్సు విప్పడమంటే సెన్సర్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే. ఇక ఎండలో ఈ కెమెరా లోపలే ఉన్న, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు షట్టర్‌ను సెకనులో 1/50 వంతు దగ్గరే ఉంచనిస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబులైట్ల కింద 1/50, 1/100 షట్టర్లు బొమ్మను మినుకుమననివ్వవు. కెమెరా పొరపాటున 60 మోడ్‌లో (60 హెర్ట్జ్ దేశాల కోసం ఉన్నది) ఉండి షట్టర్ 1/60కు మారితే మాత్రం ఫంక్షన్ హాల్లో తీసినదంతా అలలు అలలుగా కదులుతుంది, దాన్ని తర్వాత పూర్తిగా సరిచేయడం ఎవరి తరమూ కాదు.

ఎక్స్‌పోజర్ (బొమ్మకు ఎంత వెలుతురు ఇవ్వాలన్న) విషయంలో నాకు ఎక్కువ పాఠాలు నేర్పింది ఎనుమాముల మార్కెట్. మిర్చి సీజన్‌లో, అందులోనూ 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా రకం కుప్పలను ఎండలో తీసినప్పుడు, జీబ్రా గీతలు (వెలుతురు ఎక్కువైన చోట కెమెరా స్క్రీన్ మీద వచ్చే చారలు) ఎక్కడా కనిపించకపోయినా కంప్యూటర్‌లో చూస్తే కాయల మీది ముడతలూ నీడలూ మాయమై కుప్పంతా ఒకే ఎర్ర ముద్దగా ఉంటుంది. దీనికి కారణం జీబ్రా వెలుగును మాత్రమే కొలవడం. హెచ్‌డీ ప్రమాణమైన రెక్ 709లో ఆ వెలుగును లెక్కగట్టేటప్పుడు ఆకుపచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21 శాతం, నీలానికి 7 శాతం వాటా ఇస్తారు. అందువల్ల ఎరుపు ఛానెల్ అంచు దాటిపోయినా మొత్తం వెలుగు మామూలుగానే కనిపిస్తుంది. పైగా ఈ కెమెరా రికార్డు చేసే 4:2:0 పద్ధతిలో రంగు వివరం నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే నమోదవుతుంది కనుక ఎర్రటి కాయకూ తెల్ల బస్తాకూ మధ్య అంచు మెట్లు మెట్లుగా విరుగుతుంది. నేను పిక్చర్ ప్రొఫైల్‌లో (రంగులు సరిచేసుకునే కెమెరా మెనూలో) రంగు గాఢతను కొద్దిగా తగ్గించి, ఐరిస్‌ను, అంటే అపర్చర్‌ను, అర స్టాప్ మూసి, రైతు ముఖాన్ని ప్రమాణంగా పెట్టుకుని తీస్తాను. టైమ్‌లైన్ మీద ఆర్‌జీబీ పరేడ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థాయిలను విడివిడిగా చూపే గ్రాఫు) చూడకుండా మార్కెట్ స్టోరీని పంపను.

శబ్దానికి, మైకులు తగిలించే రెండు ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు ఉన్నాయి. మొదటి ఛానెల్‌కు రిపోర్టర్ చేతి మైకు, రెండో ఛానెల్‌కు పరిసర శబ్దం ఇచ్చి, రెండింటినీ మాన్యువల్‌లో పెట్టి, గట్టి మాటలు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా చూసుకుంటాను. ఆటోలో వదిలేస్తే మనిషి మాట ఆపిన మరుక్షణం వెనుక డప్పుల చప్పుడు ఉబ్బి, మళ్లీ మాట మొదలవగానే అణగిపోతుంది, అలాంటి బైట్‌ను (మనిషి మాట్లాడిన క్లిప్పును) మధ్యలో ఎక్కడ కోసినా ఆ కోత చెవికి తెలిసిపోతుంది. బైట్ అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం ఉత్త పరిసర ధ్వనిని రికార్డు చేసి ఉంచుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే ఆధారం.

ఎడిటింగ్‌కు నేను ఎడియస్ సాఫ్ట్‌వేర్ వాడతాను. ప్రసారానికి వెళ్లే పనిని కెమెరాలో ఏవీసీహెచ్‌డీ ఫార్మాట్‌లో 50ఐగా (సెకనుకు 50 అరబొమ్మలు, అంటే ఫీల్డులు) తీసి, ప్రాజెక్టును 1920×1080, 50ఐ, అప్పర్ ఫీల్డ్ ఫస్ట్‌గా (పై ఫీల్డు ముందు వచ్చేలా) పెడతాను. ఫీల్డ్ వరుస తారుమారైతే నడిచే మనిషి వణుకుతున్నట్టు కనిపిస్తాడు. నెమ్మదిగా చూపించాల్సిన దృశ్యాలుంటే మాత్రం ఎక్స్ఏవీసీ ఎస్ ఫార్మాట్‌లో 50పీ (సెకనుకు 50 పూర్తి బొమ్మలు) తీస్తాను, అది సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున గంటకు సుమారు 22.5 జీబీ తింటుంది. ఏవీసీహెచ్‌డీలో పొడుగాటి క్లిప్పును కెమెరా ముక్కలు చేసి దాస్తుంది కాబట్టి, కార్డులోని ఫోల్డర్లన్నింటినీ యథాతథంగా కాపీ చేసుకోవాలి. ఒక్కొక్క ఫైలూ ఏరుకుంటే ముక్కలు కలిసే చోట మాట తెగుతుంది.

కట్టింగ్ గురించి చెప్పాలంటే బతుకమ్మను మించిన పరీక్ష లేదు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు ఆడవాళ్లు వలయంగా తిరుగుతుంటే, వలయం బయట నిలబడిన కెమెరాకు దగ్గరగా ఉన్నవారు ఎడమ నుంచి కుడికి వెళ్తున్నారనుకుందాం. అదే కెమెరాను వలయం నడుమకు తీసుకెళ్లి వెనక్కి తిప్పి వాళ్లనే చూస్తే కుడి నుంచి ఎడమకు వెళ్తారు. ఈ రెండు షాట్లనూ పక్కపక్కన పెడితే ఆట ఒక్కసారిగా ఎదురు తిరిగినట్టు ఉంటుంది. 180 డిగ్రీల గీత దాటడమంటే ఇదే. అందుకని లోపలికి వెళ్లే ముందు తంగేడు, గునుగు పూల క్లోజప్పులు, చప్పట్లు కొట్టే చేతులు, చూస్తున్న పిల్లల ముఖాలు విడిగా తీసిపెట్టుకుంటాను. దిశ లేని అలాంటి షాటు ఒకటి మధ్యలో పడితే చూసేవారికి ఆ మార్పు తెలియదు. పాటను మాత్రం ఎక్కడా తెంచకుండా ఒకే ట్రాకుగా కింద పరిచి, బొమ్మలను దాని మీద పేర్చుకుంటూ పోతాను.

కొత్తగా కొనేవారు 4కే లేదని తెలిసే దీని జోలికి వెళ్లాలి. పెళ్లిళ్లలో నేపథ్యం బాగా మసకబారాలని కోరుకునేవారికి ఈ సెన్సర్ నచ్చదు. ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు పడినప్పుడు బొమ్మను వరుస తర్వాత వరుసగా చదివే సీమాస్ సెన్సర్ల సహజ లక్షణంగా ఫ్రేములో సగమే తెల్లబడుతుంది, ఆ ఫ్రేమును తీసేయడం తప్ప మార్గం లేదు. దీనికి వాడే ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీలే చాలా ఎల్‌ఈడీ లైట్లకూ పనికొస్తాయి కాబట్టి, కవరేజీకి వెళ్లేటప్పుడు ఒకే ఛార్జరు సరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవారు ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు వదులయ్యాయేమో మైకు తగిలించి కదిపి చూసుకోవాలి, జూమ్‌ను చివరిదాకా తీసుకెళ్లి ఫోకస్ నిలుస్తోందో లేదో చూడాలి, రెండు కార్డు స్లాట్లలోనూ రికార్డు చేసి ఆ క్లిప్పులను కంప్యూటర్‌లో తెరిచి చూశాకే డబ్బులివ్వాలి.