నల్లమట్టి వాకిట్లో ప్లాస్టిక్ గడ్డి: నాలుగు వానాకాలాలు గడిచాక

మా వాకిలి చూసినవాళ్లందరూ గడ్డి ఏ రకం, ఎంత మందం, అడుగు ఎంత పడింది అని అడుగుతారు. కింద ఏం వేశారని ఒక్కరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అమ్మినతను కూడా అంతే. చిన్న ముక్క చేత్తో పట్టుకుని దాని మీద చెంబుడు నీళ్లు పోసి, అడుగు చిల్లుల్లోంచి జారిపోతుంటే "చూశారా సార్, చుక్క నిలవదు" అన్నాడు. నిజమే, గడ్డి మీద నిలవదు. జారిన నీళ్లు ఆ తర్వాత ఎటు పోవాలి? నల్లమట్టి ఒకసారి తడిసి ఉబ్బిందంటే ఇక నీళ్లు తాగదు.

మాది భీమవరానికి, పాలకొల్లుకి మధ్య పల్లెటూరు. ఊళ్లో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే పోస్తారు కాబట్టి రోడ్డు లేచింది, మా వాకిలి పల్లమైపోయింది. ముసురు పడితే తర్వాత వారం దాకా రొచ్చే. చెప్పులకి అంటిన మట్టి గుమ్మం దగ్గర పుల్లతో గీక్కుంటే తప్ప ఇంట్లోకి రాలేం. బుసక తోలించి మెరక చేద్దామంటే అరుగు కాస్తా నేలకి సమానమైపోతుంది. ఇంకుడు గుంత తవ్వించుకోమని చెప్పేవాళ్లు చాలామంది. అది మెట్ట ఊళ్లలో పనికొచ్చే సలహా. మా దగ్గర సార్వా పంటకి కాలవలు వదిలాక మోకాలి లోతు తవ్వితే కిందనుంచే ఊటొస్తుంది. నిండి ఉన్న గుంతలోకి ఇంకేం ఇంకుతుంది?

2022 ఎండాకాలంలో, కాలవలు కట్టేశాక పని మొదలుపెట్టాం. గడ్డి సంగతి తర్వాత చూద్దామని మా తాపీమేస్త్రి ముందు జానెడు మట్టి తీయించాడు. మధ్యలో పొడుగునా చిన్న గాడి తవ్వి, చిల్లులు పెట్టిన నాలుగంగుళాల పైపు వేశాడు. మట్టి లోపలికి రాకుండా గాడి మొత్తానికి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాడు. పైన 20 ఎంఎం కంకర, దాని మీద సన్న చిప్స్. అమ్మినతను క్రషర్ డస్ట్ వేయమన్నాడు. డస్ట్ తడిస్తే గడ్డకట్టి నీళ్లు పట్టేస్తుందని మేస్త్రి ఒప్పుకోలేదు. రోడ్డు పక్క మురుగు కాలవ వైపు పది అడుగులకి ఒకటిన్నర అంగుళం వాలు ఇచ్చాడు. గడ్డికైనదాని కంటే ఈ కింద పనికైనదే ఎక్కువ.

ఆ వానాకాలం నిజంగా పండగే. రాత్రంతా కురిసినా పొద్దున్నే వట్టి కాళ్లతో గేటు దాకా వెళ్లి పాలప్యాకెట్ తెచ్చుకునేవాణ్ణి. ఎవరు అడిగినా "వాన వెలిసిన పావుగంటలో ఆరిపోతుంది" అని చెప్పుకుంటూ తిరిగాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది. తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా వాన మాకూ గట్టిగానే తగిలింది. మా వైపు నీళ్లన్నీ పోయే పెద్ద మురుగు కాలవ యనమదుర్రు డ్రెయిను నిండిందంటే చుట్టుపక్కల మురుగు కాలవలేవీ లాగవు. గుర్రపుడెక్క ఉంటే మరీనూ. మా ఇంటి ముందు కాలవ అంచు దాకా లేచింది. పైపు మూతి నీళ్లలో మునిగింది. ఇక ఏ పైపు నీళ్లు బయటికి పంపాలో అదే పైపు వీధి మురుగుని లోపలికి తెచ్చింది. పొద్దున చూస్తే గడ్డి ఒకచోట పరుపులా ఉబ్బి ఉంది, కాలేస్తే కింద గుబగుబమంటోంది. మధ్య అతుకు ఊడింది. చిల్లుల్లోంచి నల్లటి నీళ్లు బుడగలతో పైకొస్తున్నాయి. ఆ వాసన గురించి రాయను.

నీళ్లు తీశాక కూడా బాధ తీరలేదు. వెంట వచ్చిన సన్న ఒండ్రు గడ్డి మొదళ్లలో పేరుకుని, ఎండి, పెచ్చులు కట్టింది. చిల్లులు పూడుకుపోయాయి. మోకాళ్ల మీద కూర్చుని గట్టి బ్రష్షుతో గీకుతూ, పైపుతో నీళ్లు కొడుతూ శుభ్రం చేశాం. మేస్త్రి గాడి పై కొస విప్పి నీళ్లు గట్టిగా వదిలితే పైపులోంచి బురద ముద్దలు ముద్దలుగా వచ్చింది. అప్పుడు మూతికి నీళ్లని బయటికి తప్ప లోపలికి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు బిగించి, గేటు మూల చిన్న సంపు కట్టి అర హెచ్‌పీ మోటారు పెట్టాడు.

2025 అక్టోబరులో మొంథా తుఫాను రాత్రి దానికి పరీక్ష పడింది. వాల్వు పనిచేసింది, వీధి మురుగు చుక్క రాలేదు. కానీ మన నీళ్లు బయటికి పోవాలంటే మోటారు ఆడాలి. తుఫాను రాత్రి కరెంటు ఎవడిస్తాడు? నేనూ మా అబ్బాయీ టార్చి పెట్టుకుని సంపులోంచి బకెట్లతో తోడాం. గడ్డి మాత్రం ఉబ్బలేదు. కాబట్టి పావుగంట మాట ఇప్పుడు అనడం లేదు. కాలవ లాగుతుంటే పావుగంట, లాగకపోతే మన ఓపిక.

మిగతావి చిన్నవే. రోహిణీకార్తెలో మధ్యాహ్నం దాని మీద వట్టి కాలు పెట్టలేం, చుర్రుమంటుంది. సాయంత్రం నీళ్లు చల్లితే కాసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే. కింద నల్లమట్టి ఎండకి నెర్రెలిచ్చి రెండుచోట్ల దిగింది, అక్కడ గడ్డి ఎత్తి చిప్స్ పోయించాం. తుంగ అయితే సూదిలా పొడుచుకుని చిల్లుల్లోంచి వస్తుంది. లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ కిందే ఉంటుంది. ముగ్గు కోసం అమ్మ పట్టుబట్టి గేటు ముందు కొంత జాగా సిమెంటుగానే ఉంచింది. మంచిపని చేసింది, మా ఇంట్లో ఎక్కువ వాడేది ఆ జాగానే.

మళ్లీ వేయిస్తావా అంటే, మా వాకిలి మెరక చేయడానికి వీల్లేదు, అమ్మ మోకాళ్లకి బురదలో జారే భయం ఉంది, కాబట్టి వేయిస్తాననే అంటాను. అయితే ముందు కంకర, పైపు, వాల్వు. డబ్బు మిగిలితే గడ్డి, లేకపోతే కంకర మీద నాపరాళ్లు పరుచుకున్నా పనైపోతుంది. మీ పైపు మూతి మురుగు కాలవ అడుగు కంటే ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి చూశాకే ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వండి. అంతర్వేది దగ్గర మా చెల్లెలి వాళ్లు కూడా వేయించుకుంటామంటున్నారు. వాళ్లది ఇసక నేల, వాన వెలిసేసరికి నీళ్లు లోపలికి పోతాయి. ఇదంతా వాళ్లకెందుకో నాకైతే అర్థం కావడం లేదు.