గాసిప్, స్కటిల్‌బట్, గ్రేప్‌వైన్: ఏ మాట ఎక్కడ మేలు?

"ఈసారి హైక్‌లు లేవట." ఆఫీసులో మంచినీళ్లు పట్టుకుంటుంటే చెవిన పడే మాట ఇది. దీన్ని గాసిప్ అనడానికి నాకు మనసొప్పదు.

నిజానికి గాసిప్ మంచి ఇంట్లో పుట్టిన మాటే. పాత ఇంగ్లీషులో అది ‘గాడ్‌సిబ్’. గాడ్ అంటే దేవుడు, సిబ్ అంటే చుట్టం. సిబ్లింగ్‌లో ఉన్నదీ ఆ సిబ్బే. బిడ్డ జ్ఞానస్నానానికి పూచీగా నిలబడే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి అన్నమాట. తర్వాత దగ్గరి స్నేహితులనూ అలాగే పిలిచారు, ముఖ్యంగా పురుటింట్లో తోడు కూర్చునే ఆడవాళ్లను. అక్కడి నుంచి మాట జారింది. 1560ల నాటికి ఊసుపోక మాట్లాడే మనిషి గాసిప్ అయ్యాడు. ఆ మాటలకే గాసిప్ అని పేరు రావడం 19వ శతాబ్దంలో.

మన ‘అమ్మలక్కలు’ గతీ ఇంతే. అమ్మా, అక్కా రెండూ ఆప్యాయమైన వరసలే, కలిపి పలికితే మాత్రం కబుర్ల గుంపు. మగవాళ్లు కూర్చుంటే రచ్చబండ, మరి!

స్కటిల్‌బట్ ఓడ మీద పుట్టింది. బట్ అంటే పీపా, స్కటిల్ అంటే కన్నం పెట్టడం. నావికులు ముంచుకు తాగడానికి కన్నం పెట్టిన మంచినీళ్ల పీపా అది. అక్కడ చేరినప్పుడు చెప్పుకునే సంగతులకు ఆ పేరు అంటుకుంది, 1900 ప్రాంతంలో అమెరికా నౌకాదళంలో. ఆస్ట్రేలియాలో ‘ఫర్ఫీ’ కూడా నీళ్ల దగ్గరిదే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక శిబిరాలకు నీళ్లు తెచ్చే బండ్ల మీద తయారీదారు ఫర్ఫీ పేరు పోతపోసి ఉండేది. కాకపోతే ఫర్ఫీ అంటే దాదాపు అబద్ధమనే, మన పుకారులాగా. స్కటిల్‌బట్ నిజమూ కావచ్చు.

గ్రేప్‌వైన్ టెలిగ్రాఫ్ కాలపు అమెరికాది. అసలు టెలిగ్రాఫ్ తీగ కాకుండా ద్రాక్షతీగ మీద వచ్చిన వార్త అని వేళాకోళం. అది మాట పేరు కాదు, మాట వచ్చిన దారి పేరు.

కాబట్టి హైక్‌ల సంగతికి నా ఓటు స్కటిల్‌బట్‌కే. చదివేవాళ్లు తెల్లమొహం వేస్తారనుకుంటే గ్రేప్‌వైన్‌లో వచ్చిందని రాస్తాను. పక్క సీటు అమ్మాయి పెళ్లి ఊసైతే అది గాసిప్పే. తెలుగులో ఈ ఎంపిక బాధే లేదు, చివర ఒక్క ‘ట’ చాలు: హైక్‌లు లేవట, పెళ్లి కుదిరిందట.